మేడ మీద గాలిమర తిరుగుతుందా?

సంక్రాంతి రోజుల్లో మీరు మేడ ఎక్కి గాలిపటం ఎగరేసే ఉంటారు. అప్పుడు ఒక సంగతి గమనించారా? పిట్టగోడ దగ్గర ఉన్నంతసేపు గాలిపటం మన మాట వినదు. ఎడమకు వాలుతుంది, కుడికి వాలుతుంది, ఉన్నట్టుండి తలకిందులై గచ్చు మీద పడుతుంది. దారం లాగుతూ, వదులుతూ ఎలాగో ఒక ముప్పై అడుగులు పైకి పంపారా, ఇక దానికి బుద్ధి వస్తుంది. ఎవరో పైనుంచి పట్టుకున్నట్టు నిలకడగా నిలబడుతుంది.

మేడ అదే, గాలీ అదే. మరి పిట్టగోడ దగ్గర లేని నిలకడ పైకి వెళ్ళేసరికి ఎలా వచ్చింది? ఈ ప్రశ్నను జ్ఞాపకం ఉంచుకోండి. ఈ వ్యాసంలో చెప్పబోయే విషయానికి కీలకం అదే.

కిందటేడు వైజ్ఞానిక ప్రదర్శన కోసం మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక చిన్న గాలిమర తయారు చేసింది. రేకు డబ్బా కత్తిరించి రెక్కలు చేసింది. పాత బొమ్మకారులోని మోటారును జనరేటరుగా వాడింది. దానికి చిన్న ఎల్.ఇ.డి. బల్బు కలిపింది. టేబులు ఫ్యాను ముందు పెడితే బల్బు చక్కగా వెలిగింది. తరగతి అంతా చప్పట్లు కొట్టింది.

"ఇది ఎందుకు చేయాలనిపించింది?" అని అడిగాను.

"మాస్టారూ, మేముండే అపార్టుమెంటుకు తొమ్మిది అంతస్తులు. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది. మా నాయనమ్మ మెట్లు ఎక్కలేదు. పైన గాలి బాగా కొడుతుంది కదండీ! అక్కడ గాలిమర పెడితే లిఫ్టు నడవదా?" అంది.

ప్రశ్న బాగుంది. అందరం కలిసి ఆ గాలిమరను మా బడి డాబా మీదికి తీసుకువెళ్ళాం. గాలి జోరుగానే ఉంది. రెక్కలు రెండు చుట్లు తిరిగాయి, ఆగాయి, వెనక్కి ఒక చుట్టు తిరిగాయి, మళ్ళీ ఆగాయి. అరగంట చూశాం. బల్బు ఒక్కసారి కూడా వెలగలేదు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

కాని ఇదే చిక్కు లండను నగరంలో 43 అంతస్తుల మేడ కట్టిన ఇంజనీర్లకు కూడా ఎదురైంది. ఆ కథలోకి వెళ్ళేముందు గాలిలో ఎంత శక్తి ఉంటుందో చూద్దాం.

గాలిని తూచి చూద్దాం

గాలికి బరువు ఉంది. ఒక ఘనపు మీటరు గాలి ద్రవ్యరాశి సుమారు 1.2 కిలోగ్రాములు. ద్రవ్యరాశి ఉన్న వస్తువు కదులుతూ ఉంటే దానికి గతిజ శక్తి ఉంటుందని మీరు చదువుకున్నారు. దాని విలువ ½ mv².

2 మీటర్ల వ్యాసం ఉన్న గాలిమర ఒకటి తీసుకుందాం. రెక్కలు తిరిగే వృత్తం వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. గాలి సెకనుకు 5 మీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. అప్పుడు ఒక సెకనులో ఆ వృత్తం గుండా 5 మీటర్ల పొడవున్న గాలి స్తంభం ఒకటి దాటిపోతుంది. దాని ఘనపరిమాణం 3.14 × 5 = 15.7 ఘనపు మీటర్లు. ద్రవ్యరాశి 15.7 × 1.2, అంటే దాదాపు 18.8 కిలోగ్రాములు. గతిజ శక్తి ½ × 18.8 × 25 = 235 జౌళ్ళు. సెకనుకు 235 జౌళ్ళంటే 235 వాట్లు.

ఇప్పుడు గాలి వేగం రెట్టింపై సెకనుకు 10 మీటర్లు అయిందనుకోండి. శక్తి కూడా రెట్టింపు అవుతుందని తొందరపడి చెప్పకండి. వేగం రెట్టింపైతే సెకనులో దాటే గాలి రెట్టింపు అవుతుంది. దాని ప్రతి కిలోగ్రాములోనూ ఉండే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. రెండూ కలిస్తే ఎనిమిది రెట్లు! అంటే సుమారు 1,880 వాట్లు. మరోవైపు వేగం సగమై సెకనుకు 2.5 మీటర్లకు దిగితే, శక్తి ఎనిమిదో వంతుకు, అంటే 29 వాట్లకు పడిపోతుంది. గాలి నుంచి వచ్చే శక్తి వేగం యొక్క ఘనానికి అనులోమంగా ఉంటుందనడానికి అర్థం ఇదే.

ఈ శక్తినంతా మనం పట్టుకోగలమా? లేము. బస్సు దిగినవాళ్ళంతా మెట్టు దగ్గరే నిలబడిపోతే వెనకవాళ్ళు దిగగలరా? గాలి శక్తినంతా లాగేసుకుంటే రెక్కల వెనక గాలి అలాగే నిలిచిపోతుంది. వెనకనుంచి వచ్చే గాలికి దారి ఉండదు. కాబట్టి కొంత వేగంతో దాన్ని సాగిపోనివ్వాలి. ఎంత గొప్ప గాలిమర అయినా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ 1920లో లెక్కకట్టి చూపాడు. చిన్న గాలిమరలకు, జనరేటరులో పోయే నష్టాలు కూడా కలుపుకుని, 30 శాతం వస్తే మంచి ఫలితమే. అంటే మన 235 వాట్లలో చేతికి వచ్చేది 70 వాట్లు. ఒక మామూలు సీలింగు ఫ్యానుకు సరిపోతుంది!

ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోండి. గాలి వేగంలో చిన్న తేడా వస్తే శక్తిలో పెద్ద తేడా వస్తుంది. అందుకే గాలిమరను ఎక్కడ పెట్టామన్నది అన్నిటికంటే ముఖ్యం.

మేడ అంచున ఏం జరుగుతుంది?

"ఎత్తుకు పోయినకొద్దీ గాలి వేగం పెరుగుతుంది కదా, మేడ పైకప్పు మంచి చోటే కదా" అని మీరు అనవచ్చు. మొదటి మాట నిజమే. నేలకు దగ్గరగా గాలి చెట్లకు, ఇళ్ళకు, గోడలకు రాసుకుని వేగం కోల్పోతుంది. పైకి వెళ్ళినకొద్దీ ఆ అడ్డంకులు తగ్గుతాయి. కాని ఊరి మీదుగా వచ్చే గాలి, పొలాల మీదుగా వచ్చే గాలి ఒకలా ఉండవు. నున్నటి కాలువలో నీరు సాఫీగా జారుతుంది. బండరాళ్ళ వాగులో అదే నీరు సుడులు తిరుగుతూ తడబడుతూ పోతుంది. నగరం గాలికి బండరాళ్ళ వాగువంటిది.

ఇక మేడ సంగతి చూడండి. సాఫీగా వచ్చిన గాలి ముందుగోడను ఢీకొంటుంది. కొంత పక్కలకు పోతుంది. కొంత కిందికి జారుతుంది. పెద్ద మేడల అడుగున నడిచేటప్పుడు గాలి విసురు మిమ్మల్ని ఉన్నట్టుండి తోయడానికి కారణం అదే. మిగిలిన గాలి గోడ వెంట పైకి ఎక్కుతుంది. పైకప్పు అంచు దగ్గరకు వచ్చేసరికి అది పైకి దూసుకుపోతూ ఉంటుంది. వేగంగా పరుగెత్తే మనిషి మూల దగ్గర ఠక్కున తిరగలేడు. గాలి కూడా అంతే. పదునైన అంచు దగ్గర అది మలుపు తిరగలేక పైకప్పును వదిలిపెట్టి, ఏటవాలుగా లేచి, కొంత దూరం పోయాక సర్దుకుంటుంది. ఆ లేచిన గాలికీ పైకప్పుకూ మధ్య మిగిలిన చోటులో గాలి సుడులు తిరుగుతుంది. అక్కడ ఒక్కొక్కసారి గాలి వెనక్కి కూడా వీస్తుంది!

మీ గాలిపటం పిట్టగోడ దగ్గర తలకిందులైంది ఈ సుడుల్లోనే. మా అమ్మాయి గాలిమర వెనక్కి తిరిగిందీ ఇందుకే. గాలిపటం సుడులను దాటి పైనున్న సాఫీ గాలిలోకి చేరాక నిలబడింది. గాలిమర మాత్రం సుడుల్లోనే ఉండిపోయింది.

సుడిలో చిక్కిన గాలిమరకు రెండు కష్టాలు. ఒకటి, గాలి క్షణానికొక దిక్కునుంచి వస్తుంటే దాని శక్తి రెక్కలకు సరిగా అందదు. రెండు, ఒక రెక్క మీద ఎక్కువ తోపు, మరొక రెక్క మీద తక్కువ తోపు పడితే యంత్రం అదురుతుంది. ఇరుసు, బేరింగులు త్వరగా అరిగిపోతాయి. ఏ దిక్కు గాలికైనా తిరిగే నిలువు ఇరుసు గాలిమరలు కూడా ఉన్నాయి. 2015లో పారిస్‌లోని ఈఫెల్ టవరు మీద అటువంటివి రెండు అమర్చారు. వాటికి దిక్కు మారినా ఇబ్బంది లేదు. కాని దిక్కుతో పనిలేకపోయినా వేగంతో పని ఉంది కదా! బలహీనమైన గాలిలో వాటికీ శక్తి దొరకదు.

చిన్న గాలిమరలు నిలబెట్టేటప్పుడు ఇంజనీర్లు ఒక లెక్క పాటిస్తారు. చుట్టూ సుమారు 100 మీటర్ల దూరంలో ఉన్న ఇళ్ళు, చెట్లు అన్నిటికంటే రెక్కల అడుగుభాగం కనీసం 9 మీటర్లు ఎత్తున ఉండాలి. మేడ మీద అంత స్తంభం నిలబెట్టాలంటే దాన్ని, దాని అదురును మోయగల పైకప్పు కావాలి.

కొండకూ మేడకూ తేడా

మరి ఉమ్మడి అనంతపురం జిల్లాలోని రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి కదా, కొండ కూడా గాలికి అడ్డమే కదా అని మీకు సందేహం రావాలి. కొండ వాలుగా, గుండ్రంగా ఉంటుంది. గాలి ఆ వాలు వెంట మెల్లగా ఎక్కుతుంది. శిఖరం దగ్గర ఇరుకై వేగం పుంజుకుంటుంది. తోటకు నీళ్ళు పెట్టే గొట్టం మూతిని వేలితో నొక్కితే నీరు జోరుగా చిమ్ముతుంది చూడండి, అటువంటిదే. మేడకు ఆ వాలు లేదు. నిటారు గోడ, పదునైన అంచు. కొండ గాలిని పైకి ఎక్కిస్తుంది, మేడ అంచు గాలిని చీల్చేస్తుంది.

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టే రైతుకు ఈ సంగతి ఏనాడో తెలుసు. గాలి నిలకడగా వీచే చోటు చూసుకుని కళ్ళం చేసుకుంటాడు. ఇళ్ళ సందుల్లో చేటతో నిలబడితే పొట్టు తిరిగి తన ముఖం మీదనే పడుతుందని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

లండను మేడ కథ

2010లో లండను నగరంలో స్ట్రాటా అనే నివాస భవనం పూర్తయింది. ఎత్తు 148 మీటర్లు. దాని శిఖరంలోనే మూడు పెద్ద గుండ్రటి కన్నాలు ఉంచి, ఒక్కొక్కదానిలో 9 మీటర్ల వ్యాసం ఉన్న గాలిమరను అమర్చారు. ఒక్కొక్కటి 19 కిలోవాట్లది. చప్పుడు తగ్గడానికి మామూలుగా ఉండే మూడు రెక్కలకు బదులు అయిదు రెక్కలు పెట్టారు. భవనానికి కావలసిన శక్తిలో 8 శాతం, అంటే ఏడాదికి 50,000 యూనిట్లు ఇవి ఇస్తాయని అంచనా వేశారు.

ఒక లెక్క చేయండి. మూడూ కలిసి 57 కిలోవాట్లు. ఏడాది పొడవునా రాత్రింబవళ్ళు పూర్తి వేగంతో తిరిగితే 57 × 24 × 365, అంటే దాదాపు 5 లక్షల యూనిట్లు రావాలి. ఇంజనీర్లు ఆశించింది అందులో పదో వంతే. వాళ్ళేమీ అత్యాశకు పోలేదు. అయినా తరువాతి సంవత్సరాల్లో ఆ గాలిమరలు తిరగడం కంటే ఆగి ఉండడమే ఎక్కువని పత్రికలు రాశాయి. ఊరంతటికీ కనిపించే ఎత్తులో మూడు చక్రాలు కదలకుండా నిలబడి ఉంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో ఊహించండి.

26 గాలిమరల పరీక్ష

ఒక్క మేడను చూసి తీర్పు చెప్పడం సైన్సు పద్ధతి కాదు. బ్రిటన్‌లోనే వార్విక్ పరీక్షలు అనే పేరుతో 26 గాలిమరలను ఇళ్ళ మీద, మేడల మీద అమర్చి 2007, 2008 సంవత్సరాల్లో కొలతలు తీసుకున్నారు. నివేదిక 2009లో వచ్చింది. ఆగిపోయిన రోజులు కూడా కలుపుకుంటే ఒక్కో గాలిమర సగటున రోజుకు ఇచ్చింది 214 వాట్-గంటలు. యూనిట్‌లో అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ. దానితో సీలింగు ఫ్యాను సుమారు మూడు గంటలు మాత్రమే తిరుగుతుంది. అన్నిటికంటే వెనకబడిన గాలిమర అయితే, తన సొంత ఎలక్ట్రానిక్ పరికరాలు వాడుకున్నంత విద్యుత్తును కూడా తయారు చేయలేకపోయింది!

కాని అదే నివేదికలో ఇంకో విషయం ఉంది. ఎత్తయిన మేడల మీద పెట్టినవి మాత్రం, మిగతావి ఏడాదిలో ఇచ్చే విద్యుత్తును ఒక్క నెలలోనే ఇవ్వగలవని తేలింది. అంటే ఎత్తు వల్ల లాభం ఉంది. మరి అవి బాగా తిరిగాయా? లేదు. ఆ మేడల్లో కాపురముండేవాళ్ళు చప్పుడు భరించలేమని ఫిర్యాదు చేయడంతో పరీక్షకాలంలో ఎక్కువ భాగం వాటిని ఆపి ఉంచవలసి వచ్చింది. గాలిమర అదురు స్తంభం గుండా పైకప్పులోకి, గోడల్లోకి దిగుతుంది. అప్పుడు మేడ డప్పులాగా మోగుతుంది. రాత్రంతా నెత్తిమీద డప్పు మోగుతుంటే ఎవరు నిద్రపోగలరు?

గాలికోసమే కట్టిన మేడలు

అయితే మేడలకూ గాలిమరలకూ పొత్తు కుదరదని అనుకోకండి. 2008లో బహ్రెయిన్ దేశంలో ప్రపంచ వాణిజ్య కేంద్రం పేరుతో తెరచాపల ఆకారంలో రెండు జంట మేడలు కట్టారు. ఎత్తు 240 మీటర్లు. రెండింటి మధ్య మూడు వంతెనలు వేసి, ఒక్కొక్కదాని మీద 29 మీటర్ల వ్యాసం, 225 కిలోవాట్ల సామర్థ్యం ఉన్న గాలిమరను నిలబెట్టారు. సముద్రం మీదినుంచి సాఫీగా వచ్చే గాలి రెండు మేడల మధ్య సందులో ఇరుకై, వేగం పెంచుకుని రెక్కలను తాకుతుంది. మేడలకు కావలసిన విద్యుత్తులో 11 నుంచి 15 శాతం వీటివల్ల రావాలని లెక్క వేశారు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 309 మీటర్ల పెర్ల్ రివర్ టవరుకు గోడను లోపలికి వంచి, మధ్యలో కన్నాలు చేసి, గాలిని వాటిలోకి మళ్ళించి నిలువు ఇరుసు గాలిమరలు పెట్టారు.

ఈ రెండుచోట్లా ముందు గాలిని చూశారు, తరువాత మేడ గీశారు. మామూలుగా కట్టిన మేడ మీద ఆఖరున గాలిమర తెచ్చి నిలబెట్టడం వేరు, ఇది వేరు.

లిఫ్టు లెక్క

ఇక మా అమ్మాయి ప్రశ్నకు వద్దాం. ఆ లిఫ్టు మోటారు 5 కిలోవాట్లు తీసుకుంటుందనుకుందాం. సెకనుకు 5 మీటర్ల గాలిలో చదరపు మీటరుకు మనకు దక్కేది సుమారు 22 వాట్లు. లిఫ్టును నేరుగా నడపాలంటే దాదాపు 17 మీటర్ల వ్యాసం ఉన్న చక్రం కావాలి. అయిదంతస్తుల ఎత్తున్న చక్రాన్ని అపార్టుమెంటు మీద ఎవరు పెట్టనిస్తారు?

కాని ఆ పిల్ల అక్కడ ఆగలేదు. "మాస్టారూ, లిఫ్టు రోజంతా నడవదు కదండీ! బ్యాటరీలో దాచుకుంటేనో?" అంది. సరైన ఆలోచన! ఒకసారి పైకి వెళ్ళడానికి ఒక నిమిషం పడుతుందనుకుంటే, 5 కిలోవాట్ల మోటారు వాడేది యూనిట్‌లో పన్నెండో వంతు. 2 మీటర్ల గాలిమర 70 వాట్ల చొప్పున రోజంతా తిరిగితే దాదాపు 1.7 యూనిట్లు. నాయనమ్మను ఇరవైసార్లు పైకి తీసుకువెళ్ళవచ్చు!

అయితే పైకప్పు సుడుల్లో గాలి వేగం సగానికి పడిపోతే? శక్తి ఎనిమిదో వంతు. ఇరవైసార్లు కాస్తా రెండున్నర సార్లు అవుతుంది. పైగా సెకనుకు 2.5 మీటర్ల గాలిలో చాలా గాలిమరలు అసలు కదలనే కదలవు. అదే పైకప్పు మీద 1 కిలోవాటు సౌరఫలకాలు పరిస్తే మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నలభైకి పైగా ప్రయాణాలు. తిరిగే భాగాలు లేవు, అదురు లేదు, చప్పుడు లేదు. మేడ పైకప్పు ఎండకు తెరిచిన చోటు. గాలికి మాత్రం అది అడ్డుగోడ.

ఈ లెక్కలన్నీ ఆ అమ్మాయే నోటుపుస్తకంలో వేసింది. ప్రదర్శనలో తన వెలగని బల్బును దాచలేదు. గాలిమర పక్కనే ఒక అట్టమీద "ఇది డాబా మీద ఎందుకు వెలగలేదు?" అని రాసి, కింద కారణాలు, అంకెలు పెట్టింది. వెలిగిన బల్బుల దగ్గరకంటే ఆ అట్ట దగ్గరే ఎక్కువమంది ఆగారు.

చేసి చూడండి

ఒక ఖాళీ అట్టపెట్టెను బల్ల మీద పెట్టండి. అదే మీ మేడ. ఆరడుగుల దూరంలో టేబులు ఫ్యానును పెట్టి తక్కువ వేగంతో తిప్పండి. ఫ్యాను తల అటూ ఇటూ తిరగకూడదు. చీపురుపుల్ల చివర జానెడులో సగం సన్నని దారం కట్టి పెట్టె పైన రకరకాల చోట్ల పట్టుకోండి. పెట్టెకు చాలా ఎత్తున దారం ఎలా ఉంది? పైకప్పుకు ఆనుకుని ముందు అంచు వెనక ఎలా ఉంది? ఎక్కడైనా ఫ్యాను వైపుకే తిరిగిందా? ప్రతి చోటూ గుర్తుపెట్టి కాగితం మీద బాణం గుర్తులు గీయండి. మీ మేడ మీద గాలి పటం తయారవుతుంది.

తరువాత పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని మీ ఇంటి డాబా ఎక్కండి. ఒక పొడుగాటి ఎండు వెదురుకర్రకు మూరకొక రిబ్బను కట్టి, డాబా మధ్యలో నిలబెట్టి చూడండి. పిట్టగోడ ఎక్కవద్దు. కరెంటు తీగలు దగ్గరలో ఉంటే కర్ర ఎత్తనే వద్దు. ఏ ఎత్తులో రిబ్బను అటూ ఇటూ కొట్టుకోవడం మాని ఒకే దిక్కుకు సాగిందో రాసుకోండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వారం రోజులు రాయండి.

ఆ తరువాత ఎవరైనా "మేడ మీద గాలిమర పెడదాం" అంటే మీరు అవుననీ అనవద్దు, కాదనీ అనవద్దు. మీ నోటుపుస్తకం తెరిచి చూపించండి.